గింజకు కింద నుంచి వెచ్చదనం

ప్రియమైన పిల్లలూ,

మిరప గింజలు వేసి పది రోజులైనా ఒక్కటీ మొలవలేదని, పుచ్చు గింజలేమోనని రాశారు. అప్పుడే తవ్వి చూడకండి. గది వెచ్చగానే ఉందన్నారు, మట్టిని ముట్టుకుని చూశారా? తడి మట్టిలోంచి నీరు ఆవిరవుతూ వేడిని కూడా పట్టుకుపోతుంది. అందుకే ట్రేలో మట్టి గదికంటే కాస్త చల్లగా ఉంటుంది. గింజకు తెలిసేది మట్టి వేడే. 15 డిగ్రీల దగ్గర మిరపకు మూడు వారాలు దాటుతుంది. అదే 25, 30 మధ్య ఉంటే వారం, పది రోజుల్లో మొలుస్తుంది. టమాటా ఇంకా తొందర.

దీనికోసం ట్రే కింద పరిచే హీటింగ్ మ్యాట్లు, అంటే కరెంటుతో వేడెక్కే చాపలు, అమ్ముతారు కానీ, ముందు ఇంట్లో ఉన్నవి చూడండి. పాత థర్మోకోల్ పెట్టె దొరికితే నా ఓటు దానికే. రెండు సీసాల్లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి అడుగున పడుకోబెట్టండి. పైన ట్రే పెట్టి పెట్టె మూసేయండి. పొద్దున, రాత్రి నీళ్లు మార్చాలి. మరుగుతున్న నీళ్లు వద్దు, ప్లాస్టిక్ సీసా వంకర్లు పోతుంది, మీ చేతులూ కాలతాయి.

ఫ్రిజ్ మీద పెట్టమని చాలామంది చెబుతారు. కొన్ని ఫ్రిజ్‌ల పైభాగం బాగా వెచ్చగా ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రౌటర్ మీద మాత్రం పెట్టకండి. గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, పైనుంచి నీళ్లు కారితే ఇక చెప్పక్కర్లేదు.

బల్బు పద్ధతీ ఉంది. ట్రే కింద, తగలకుండా, చిన్న ఫిలమెంట్ బల్బు వెలిగించడం. ఎల్ఈడీతో పని జరగదు, దానికి వెలుగే ఎక్కువ, వేడి తక్కువ. నేనొకసారి ఇలాగే పెట్టి, త్వరగా మొలుస్తాయన్న ఆశతో పెద్ద బల్బు బిగించాను. రెండు రోజులకు ట్రే అంతా ఉడికిపోయింది, ఒక్క గింజా దక్కలేదు. అప్పటినుంచి మట్టిలో థర్మామీటర్ గుచ్చకుండా ఏదీ మొదలుపెట్టను. మీరూ కొనాల్సింది అదొక్కటే. ఈ బల్బు పద్ధతి పెద్దవాళ్లు పక్కన ఉంటేనే చేయండి. నీళ్లు, కరెంటు కలిస్తే ప్రమాదం.

ఇవేవీ కుదరకపోతే గింజల్ని తడిగుడ్డలో చుట్టి, కవర్లో వేసి, వెచ్చటి మూల దాచండి. తెల్లటి మొన కనబడగానే మట్టిలోకి మార్చేయొచ్చు. మొనను వేళ్లతో పట్టుకోకండి, ఊరికే విరిగిపోతుంది.

అన్నట్టు, మీరు పక్క కుండీలో వేసిన లెట్యూస్‌కి, అదే సలాడ్ ఆకుకూరకి, ఈ మర్యాదలేవీ వద్దు. మట్టి 30 డిగ్రీలు దాటితే అది మొలవకుండా మొండికేస్తుంది.

మొలకలు పైకి రాగానే పెట్టె మూత తీసి, వెలుతురు బాగా పడే చోటికి మార్చండి. చీకట్లో వెచ్చగా ఉంచితే దారాల్లా సాగి పడిపోతాయి. ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి రాయండి.

మీ తాతయ్య