కార్ట్రిడ్జ్ లేదు, సెల్లు లేదు.. మరి టైమ్ ఎవరిది?

అనంతపురంలో టవర్‌క్లాక్ దగ్గరి సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు ఇంతని కట్టి, గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి గేమ్ మిషన్‌కు వచ్చిన పోకెమాన్ రూబీని అక్కడ కంప్యూటర్ మీద ఆడేవాళ్లం. గేమ్ తెరవగానే ప్రతిసారీ ఒకటే మాట: లోపలి బ్యాటరీ అయిపోయింది, ఆడుకోవచ్చు గానీ గడియారంతో ముడిపడిన పనులు ఇక జరగవు. ఓనర్ అన్నను పిలిస్తే ఆయన పాపం వంగి యూపీఎస్ చూసేవాడు. "కరెంటు ఉంది గదరా, బ్యాటరీ యాడ అయిపోయింది?" అనేవాడు.

ఆయన అడిగిందే అసలు ప్రశ్న. మిషన్‌లో గుచ్చే గేమ్ డబ్బీ, అంటే కార్ట్రిడ్జే, లేని చోట ఏ బ్యాటరీ అయిపోయినట్టు?

గేమ్‌బాయ్ మిషన్‌లో గడియారం లేదు. స్విచ్ తీస్తే దానికి కాలం ఆగిపోయినట్టే. గేమ్‌లో రాత్రి, పగలు, వారాలు నిజంగా నడవాలంటే గడియారాన్ని కార్ట్రిడ్జ్‌లోనే పెట్టాలి. 1995లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో కంపెనీ టీవీ గేమ్ మిషన్‌కు వచ్చిన తెంగై మాక్యో జీరో గేమ్‌లో అలా పెట్టారు గానీ అది జపాన్ దాటలేదు. లోకానికి తెలిసింది 1999 నవంబర్ 21న జపాన్‌లో విడుదలైన పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లతో. వాటిలో ఎంబీసీ3 అనే చిప్, పక్కన సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ క్రిస్టల్, నాణెం సైజు సీఆర్2025 బ్యాటరీ సెల్లు ఉంటాయి. మన చేతి వాచీలో ఉండేదీ అదే లెక్క క్రిస్టల్.

చాలామంది పొరపడేది ఒకటుంది. ఆ చిప్‌కు తేదీ తెలియదు. అనంతపురం టవర్‌క్లాక్‌కు ఎనిమిది ముఖాలు, 47 అడుగుల ఎత్తు పెట్టి స్వాతంత్ర్యం వచ్చిన నెలను, ఏడాదిని కట్టడంలోనే దాచారని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఎంబీసీ3లో నెలా లేదు, ఏడాదీ లేదు. సెకన్లు, నిమిషాలు, గంటలు, ఆపైన 0 నుంచి 511 దాకా లెక్కపెట్టే రోజుల మీటరు, అంతే. 512వ రోజున మీటరు మళ్లీ సున్నాకు వచ్చి, పొంగిపోయానని ఒక గుర్తు పెట్టుకుంటుంది. మనం మొదట్లో చెప్పిన టైమ్‌ను గేమ్ తన మెమరీలో దాచుకుని, ఈ మీటరును దానికి కలుపుకుంటుంది. రోజులు పెరిగితే 140 చొప్పున తీసేస్తుంది. 140 ఏడుతో పోతుంది కాబట్టి వారం తప్పదు. రాసినవాళ్లు గట్టివాళ్లే.

చిక్కేమిటంటే గడియారానికీ, సేవ్ మెమరీకీ సెల్లు ఒకటే. సెల్లు చచ్చిన రోజు టైమ్‌తో పాటు పెంచుకున్న పోకెమాన్‌లన్నీ పోయేవి. 2002లో రూబీ, సఫైర్ వచ్చేసరికి నింటెండో సేవ్‌ను, సెల్లు లేకపోయినా చెరగని ఫ్లాష్ మెమరీలోకి మార్చింది. సెల్లు పోతే గడియారం ఒక్కటే ఆగుతుంది. మేం చూసిన ఆ మాట పుట్టింది అక్కడే.

ఇక ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో గేమ్‌బాయ్‌లా నటించే ప్రోగ్రామ్. మేం ఆడింది దాంట్లోనే. దానికి సొంత సెల్లు ఉండదు కదా, కంప్యూటర్ టైమ్‌ను అరువు తెచ్చుకోవాలి. గేమ్‌బాయ్ గేమ్‌లకు విజువల్‌బాయ్ అడ్వాన్స్ అనే ఎమ్యులేటర్ పట్టిన దారి, సేవ్ ఫైల్ తోకకు ఇంకో 48 బైట్లు అతికించడం. గడియారం అంకెలు, వాటితో పాటు సేవ్ చేసిన క్షణం అందులో ఉంటాయి. మళ్లీ తెరిచినప్పుడు ఇప్పటి టైమ్‌లోంచి ఆ క్షణాన్ని తీసేసి, మిగిలినంత ముందుకు జరుపుతుంది. ఆ తోక తెలియని వేరే ప్రోగ్రామ్‌లోకి ఫైల్ తీసుకెళ్తే గడియారం లెక్క తప్పేది.

రూబీ చిప్ వేరు, సీకో తయారుచేసిన ఎస్-3511ఏ. దీనికి తేదీ తెలుసు. ఎమ్యులేటర్ నేరుగా కంప్యూటర్ తేదీ చెప్పేస్తుంది. మా నెట్ సెంటర్‌లో అలా చెప్పమనే సెట్టింగ్ ఎవరూ ఆన్ చేయలేదు, అందుకే గేమ్ సెల్లు చచ్చిందనుకుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అసలు కార్ట్రిడ్జ్ గడియారం 2000 జనవరి 1 నుంచి మొదలయ్యేది. రోజులు లెక్కపెట్టే కోడ్ 2000వ సంవత్సరాన్ని కలుపుకోవడం మరిచింది, దాంతో 366 రోజులకు లెక్క వెనక్కి పోయి గేమ్‌లోని మొక్కలకు బెర్రీలు, అంటే పళ్లు, కాయడం ఆగిపోయేది. కంప్యూటర్ తేదీ ఆ ఏడాది ఎప్పుడో దాటేసింది కాబట్టి ఎమ్యులేటర్‌లో ఆ రోగం లేదు. నకలు అసలును మించడం ఇలా కూడా జరుగుతుంది.

తెగని పేచీ మాత్రం ఒకటుంది. ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే గేమ్ నాలుగింతల వేగంతో పరిగెడుతుంది. గడియారం కూడా పరిగెత్తాలా, గోడ గడియారంతోనే నడవాలా? ఆడేవాళ్లకు గోడ గడియారమే కావాలి. ఆటను రికార్డు చేసి అచ్చం అలాగే మళ్లీ నడిపించేవాళ్లకు, నెట్‌లో ఇద్దరు కలిసి ఆడేవాళ్లకు అది పనికిరాదు, ఇవాళ్టి టైమ్ దూరితే ఫలితం మారిపోతుంది. అందుకే ఎంజీబీఏ లాంటి ఎమ్యులేటర్లు కంప్యూటర్ టైమ్ కావాలా, కదలని టైమ్ కావాలా, మనం చెప్పిన తేదీ నుంచి మొదలవ్వాలా అని మనల్నే ఎంచుకోమంటాయి. నా ఓటు ఇలా అడిగేవాటికే.

తర్వాత ఒక కజిన్ వచ్చి నెట్ సెంటర్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేశాడు. బెర్రీలు రెండు వారాలు బాగా పెరిగాయి, ఆపైన నిలిచిపోయాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. టైమ్ వెనక్కి పోతే పాత తేదీని మళ్లీ అందుకునేదాకా ఆ గేమ్ మొక్కల్ని పెంచదు. అన్న డబ్బా విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద నాణెం సైజు సెల్లు, సీఆర్2032, చచ్చి ఉంది.

"అయితే మీ గేమ్ చెప్పింది నిజమే గదరా" అన్నాడు.