మౌస్ కదిపితే గుయ్: ఈ గొడవకు మూలం ఒక పొట్టి స్లాట్

దసరా దగ్గరపడింది. విజయవాడలో అమ్మవారి పాటలు, భవానీ దీక్ష పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలకు చేతినిండా పని. కంప్యూటర్ షాపులతో వాళ్లకున్న పాత పేచీ కూడా సరిగ్గా ఇప్పుడే లేస్తుంది. ఈసారి సత్యనారాయణపురంలో ఒక స్టూడియో ఆయన, కొత్తగా అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లో గాయని గొంతు వెనక గుయ్‌మని మోత వస్తోందని మిగతా డబ్బు ఆపేశారు. షాపు వాళ్ల జవాబు అందరికీ తెలిసిందే: "మీ బిల్డింగ్‌లో ఎర్తింగ్ చూపించుకోండి సార్, మదర్‌బోర్డులో ఏమీ లేదు."

ఎర్తింగ్ మాటలో నిజం లేకపోలేదు. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే బకెట్ నీళ్లు పోయాల్సిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. కానీ దసరా నాటికి వానలకు నేల తడిసే ఉంటుంది. పైగా కరెంటు లైను నుంచి వచ్చే హమ్ 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్ల (100, 150...) దగ్గర ఒకే శ్రుతిలో సాగుతుంది. మౌస్ కదిపినప్పుడు కీచుమని, వీడియో రెండర్ పెట్టగానే గొంతు మార్చే మోత అది కాదు. అది కంప్యూటర్ పుట్టించేదే. గొంతులు, వాద్యాలు కలిపే సౌండ్ మిక్సర్‌కూ సిస్టమ్‌కూ చెరో చోట ఎర్త్ ఉంటే ఆ మోత కేబుల్ గుండా మిక్సర్‌లోకి పాకే మాట నిజమే. అందుకే సర్వీసు కుర్రాళ్లు ముందు కేబుళ్లన్నీ పీకేసి హెడ్‌ఫోన్స్ నేరుగా జాక్‌లో పెట్టి వింటారు. అప్పుడూ వినిపిస్తే ఎర్తింగ్ మీద నెపం వేయడం కష్టం.

కంప్యూటర్‌కు శబ్దం ఇచ్చే విడి సౌండ్ కార్డుల తొలి రోజుల కథ పక్కన పెడదాం. అసలు మలుపు 1997లో ఉంది. ఆ ఏడాది ఇంటెల్ తెచ్చిన ఏసీ'97 పద్ధతి ఆడియోను రెండు ముక్కలు చేసింది. లెక్కలు చేసే డిజిటల్ భాగం చిప్‌సెట్‌లో, అంటే మదర్‌బోర్డు మీది ప్రధాన చిప్పుల్లో, ఉంటుంది. శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే కోడెక్ వేరే చిప్. రెండింటి మధ్య ఐదు తీగలు, వాటిలో తిరిగేది అంకెలే. అంకెలకు కాస్త మోత తగిలినా చెడవు. మిల్లీవోల్టుల్లో ఉండే మైకు సిగ్నల్ మాత్రం చెడిపోతుంది. కాబట్టి కోడెక్‌ను గోల చేసే ప్రాసెసర్‌కు దూరంగా పెట్టుకోవచ్చు.

ఎంత దూరం? మరుసటి ఏడాది ఇంటెల్ దానికీ దారి చూపింది. ఆడియో మోడెం రైజర్, అంటే ఏఎంఆర్. కోడెక్, జాక్‌లు, వాటి చుట్టూ ఉండే అనలాగ్ (అంకెలుగా మారని సిగ్నల్) భాగాలు ఒక చిన్న విడి బోర్డు మీద. అప్పట్లో సిస్టమ్ విప్పి చూసినవాళ్లకు మదర్‌బోర్డు మీద 46 పిన్నుల పొట్టి గోధుమరంగు స్లాట్ గుర్తుండే ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడం, టెలిఫోన్ లైనుకు కలిపే మోడెంకు అనుమతులు విడిగా తెచ్చుకోవడం కూడా దాని వెనకున్న లెక్కలే. మోత తగ్గించడం ఒక్కటే కాదు.

ఆ స్లాట్ ఇక్కడి సిస్టమ్స్‌లో చాలావరకు ఖాళీగానే ఉండిపోయింది. కార్డు పెడితే సిస్టమ్ దానంతటది గుర్తుపట్టేది కాదు. మామూలు కార్డులు పెట్టే పీసీఐ స్లాట్ ఒకదాని చోటు కూడా తినేది. 2000లో దాని తర్వాత వచ్చిన స్లాట్ సీఎన్ఆర్ మొదటి లోపం దిద్దినా అప్పటికే ఆలస్యమైంది. కోడెక్ చిప్‌ను మదర్‌బోర్డుకే అతికించేయడం అన్నిటికన్నా చవక. అదే నిలబడింది. విడిగా ఉంచడానికి పుట్టిన చిప్ మళ్లీ గోల మధ్యకే చేరింది. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే సర్క్యూట్ సెకనుకు లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతుంటుంది, పక్కనే గ్రాఫిక్స్ కార్డు, దాని కిందుగా ముందు జాక్‌కు పోయే సన్నని వైరు. మంచి బోర్డుల్లో కోడెక్‌కు 12 వోల్టుల నుంచి విడిగా శుభ్రమైన 5 వోల్టులు తీసిచ్చే చిన్న రెగ్యులేటర్ ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే మొదట ఎగిరిపోయేవి ఇలాంటివే.

షాపుల తరఫున ఒక మాట. బోర్డును విడదీస్తే చాలు మోత పోతుందనుకోవడం కూడా పొరపాటే. 1975 నాటి ఆల్టెయిర్ కంప్యూటర్‌లో అంతా విడి కార్డులే. ప్రతి కార్డు మీదా సొంత రెగ్యులేటర్ ఉండేది. అయినా ఆ కార్డులన్నిటినీ కలిపే ఎస్-100 బస్ మోతకు పేరుమోసింది. వంద పిన్నుల్లో గ్రౌండ్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారికి, ఇచ్చినవి రెండే మరి. 1983లో దాన్ని ప్రమాణంగా మార్చినప్పుడు గ్రౌండ్ పిన్నులు పెంచాల్సి వచ్చింది. వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి దగ్గర దారి లేకపోతే ఎన్ని ముక్కలు చేసినా లాభం లేదు.

ఇప్పుడు షాపుల్లో చూపించే గీత సంగతీ ఇంతే. ఆడియో భాగం చుట్టూ లైటు వెలిగే గీత ఉన్న బోర్డును "ఆడియో సెపరేట్ సార్" అని అమ్ముతారు. లైటుకు మోత ఆపే శక్తి లేదు. గ్రౌండ్ రాగిని అక్కడ నిజంగానే కోసినా, ఆ కోత మీదుగా ఒక్క సిగ్నల్ తీగ దాటిందంటే తిరుగు కరెంటు చుట్టూ తిరిగి రావాలి, ఆ చుట్టే యాంటెన్నా అవుతుంది. గ్రౌండ్‌ను కోయొద్దు, భాగాల్నే ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టండి అని సర్క్యూట్లలో మోత తగ్గించే పనిలో పేరున్న ఇంజనీరు హెన్రీ ఆట్ 2001లోనే రాశారు.

చట్టం దగ్గరికి పోదామన్నా పెద్దగా దారి లేదు. మన దేశంలో ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012లో మొదలైన తప్పనిసరి రిజిస్ట్రేషన్ పద్ధతి చూసేది షాక్, మంటల వంటి భద్రత సంగతి. అమెరికా నిబంధనలు చూసేది పక్కింటి రేడియో, టీవీలకు ఇబ్బందా కాదా అని. మీ హెడ్‌ఫోన్స్‌లో మోత మీ సొంత గొడవ.

సత్యనారాయణపురం లెక్క ఇంకా తేలలేదు. యూఎస్‌బీ ఆడియో బాక్స్ పెట్టుకోమని షాపు సలహా ఇచ్చింది. అంటే కోడెక్‌ను మళ్లీ బోర్డు నుంచి బయటికి తీసుకెళ్లమనే. దాని డబ్బులెవరివన్నదే పేచీ. మొన్న గవర్నర్‌పేటలో ఇంకో షాపుకెళ్లి, కొత్తగా ఎర్త్ గుంత తవ్వించుకున్నామన్న వాళ్ల డెమో సిస్టమ్‌లోనే నా ఇయర్‌ఫోన్స్ పెట్టి మౌస్ కదిపాను. సన్నగా, కీచుమంటూ వచ్చింది. ఓనర్ కూడా ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని విని, "ఫ్యానేమో సార్" అన్నారు.