యాంటిక్ షాపులూ నాటకాలూ: జంటల సెలవుల గురించి అపోహలు, వాస్తవాలు

పాత చెక్క సామాను కొని, బాగుచేసి అమ్మడం నా వృత్తి. సెలవులకు నగరానికి వచ్చి, పగలు యాంటిక్ షాపులు తిరిగి, సాయంత్రం నాటకానికి వెళ్లే జంటలు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. నాకు బాగా ఇష్టమైన కస్టమర్లు వీళ్లే. అందుకే, కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల వాళ్ల డబ్బు, సెలవు రెండూ వృథా అవుతుంటే బాధేస్తుంది.

అపోహ: ఎన్ని షాపులు తిరిగితే అంత మంచి వస్తువు దొరుకుతుంది.

వాస్తవం: పూటకు రెండు షాపులు చాలు. ఆ తర్వాత కళ్లు చూస్తుంటాయి గానీ మనసుకు ఏదీ పట్టదు. షాపుల పని పొద్దునే పెట్టుకోండి. పసుపు దీపాల కింద నిన్న వేసిన పాలిష్ కూడా పాతదానిలాగే కనిపిస్తుంది, పగటి వెలుతురులో ఆ తేడా తెలిసిపోతుంది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చండి. రోజంతా తిరిగి తిరిగి వచ్చి నాటకం మొదటి అంకంలోనే కునుకు తీసేవాళ్లు ఎంతమందో!

అపోహ: గీతలు, పురుగు కన్నాలు ఉంటే అది కచ్చితంగా పాతదే.

వాస్తవం: ఇవి రెండూ ఒక్క పూటలో తయారుచేయొచ్చు. డ్రిల్లుతో పెట్టిన కన్నం తిన్నగా లోపలికి పోతుంది, పురుగు తొలిచిన దారి వంకరటింకరగా ఉంటుంది. అసలు సంగతి తెలియాలంటే, ఎవరూ చూడరని తయారుచేసినవాడు వదిలేసిన చోట చూడాలి.

షాపువాళ్లను అడిగి ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగండి, తిరగేయండి. ఏళ్ల తరబడి తీసి వేసిన సొరుగైతే కింది అంచులు అరిగి నున్నగా ఉంటాయి. మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్లు, అంటే పావురం తోకలా కోసి రెండు చెక్కలను ఒకదానిలో ఒకటి బిగించిన అతుకులు, చేత్తో కోసినవైతే ఒకటి కాస్త వెడల్పుగా, ఇంకొకటి సన్నగా ఉంటాయి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది మెషీన్ పని. పలక మీద రంపం గుర్తులు విల్లులా వంగి ఉంటే అది గుండ్రటి రంపంతో కోసిన చెక్క. ఆ రంపం చెక్క సామాను తయారీలో బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. కాబట్టి 18వ శతాబ్దం నాటిదని చెప్పిన బల్లకు అలాంటి గుర్తులు కనిపిస్తే గట్టిగా ప్రశ్నించండి. మొన దేలిన స్క్రూలు కూడా 1840ల నుంచే వచ్చాయి, అంతకుముందు వాటి చివర మొద్దుగా ఉండేది. అయితే మధ్యలో ఎవరో రిపేరు చేసి స్క్రూ మార్చి ఉండొచ్చు. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి, మూడు నాలుగు గుర్తులు కలిసి ఒకే మాట చెప్పాలి.

గుండ్రటి బల్ల అయితే టేపు తీసి రెండు వైపులా కొలవండి. చెక్క ఎండేకొద్దీ పొరలకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. అందుకే బాగా పాతబడ్డ బల్ల చూపుకు గుండ్రంగానే ఉన్నా, టేపుతో కొలిస్తే ఒక వైపు కాస్త తక్కువ వస్తుంది. జంటలు చెరో కొస పట్టుకుని కొలిచి, తేడా రాగానే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అపోహ: తళతళా మెరిస్తేనే విలువ.

వాస్తవం: దశాబ్దాల తరబడి చెక్క మీద, ఇత్తడి మీద పట్టే ఆ మృదువైన ఛాయ కోసమే తెలిసినవాళ్లు డబ్బు పెడతారు. ఇంటికెళ్లగానే దాన్ని రుద్ది తీసేయకండి. వెండి విషయంలో మెరుపు కన్నా ముద్ర ముఖ్యం. 925 అని ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత మాత్రమే.

బేరం ఆడితే చిన్నచూపు చూస్తారని కూడా కొందరికి మొహమాటం. మర్యాదగా అడిగితే మాకు ఏ ఇబ్బందీ లేదు. ధరతో పాటు ఇంకొకటి కూడా అడగండి: వస్తువు వయసు, దేనితో చేసింది, ఎక్కడ రిపేరు చేశారు అన్నవి బిల్లు మీద రాసివ్వమనండి. నోటితో ధీమాగా చెప్పి, రాయడానికి వెనకాడితే ఆ వస్తువు వదిలేయండి.

అపోహ: డబ్బు కట్టాక ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: దేశం దాటేటప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, కొన్ని రకాల రోజ్‌వుడ్ మీద అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే, 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. పాత వస్తువులు అనుమతి లేకుండా బయటికి పోకుండా చాలా దేశాల్లో చట్టాలున్నాయి. ఈ పత్రాల సంగతి కొనకముందే తేల్చుకోండి.

ఇక నాటకం. మొదటి వరుస సీటే గొప్పదనుకుంటారు. వేదిక ఎత్తుగా ఉంటే అక్కడి నుంచి నటుల పాదాలు కనిపించవు, మెడ నొప్పి అదనం. మాటలు ప్రధానమైన నాటకానికి కింది అంతస్తులో మధ్య వరుసలు హాయి. నృత్యం ఎక్కువుంటే పైఅంతస్తు ముందు వరుస తీసుకోండి, గుంపు కదలికలన్నీ అక్కడి నుంచే అందంగా తెలుస్తాయి. మ్యాట్నీని తక్కువగా చూడకండి, మామూలుగా అదే బృందం ఆడుతుంది. పైగా సాయంత్రం మీ ఇద్దరికీ ఖాళీ దొరుకుతుంది.

అపోహ: ఇద్దరికీ ఒకే అభిరుచి ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. షాపులో విడివిడిగా తిరిగే జంటలే బాగా కొంటారు. ఒకరు వస్తువు మీద మనసు పారేసుకున్నప్పుడు, ఇంకొకరు "ఇంట్లో ఎక్కడ పెడదాం?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే వస్తువు పేరు, ధర రాసుకుని వెళ్లిపోండి. నాటకం విరామంలో మాట్లాడుకోండి, కావాలనిపిస్తే మర్నాడు పొద్దున రండి. అదేరోజు కొనేస్తే మాత్రం పొట్లం షాపులోనే ఉంచమని చెప్పండి. పెద్ద సామానును నాటకశాలల్లో చాలావరకు లోపలికి రానివ్వరు. దాన్ని దాచుకునే చోటు వెతుక్కుంటూ ఆలస్యమైతే, నాటకం మధ్యలో లోపలికి పంపడానికి వీలు దొరికేదాకా మిమ్మల్నీ తలుపు బయటే ఆపేస్తారు.