లాన్‌లో మొలిచినవి తినొచ్చా? పుట్టగొడుగులపై అపోహలు – వాస్తవాలు

సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే బెంగళూరులో వానలు జోరందుకుంటాయి, నా ఫోన్‌కి పుట్టగొడుగుల ఫొటోలు మొదలవుతాయి. ఫంగస్‌లను గుర్తించడమే నా పని కాబట్టి, ఇక్కడి తెలుగువాళ్లు అడిగేది ఒక్కటే: "అక్కా, ఇవి వండుకోవచ్చా?"

అపోహ: చిన్నప్పటినుంచీ ఊళ్లో ఏరుకుని తిన్నాం, చూడగానే గుర్తుపట్టేస్తాం.

వాస్తవం: మీ అమ్మమ్మ గుర్తుపట్టేది, నిజమే. ఏ వానకి ఏ పుట్ట దగ్గర ఏవి లేస్తాయో ఆవిడకు తెలుసు. అవి చాలావరకు టెర్మిటోమైసిస్ రకాలు. చెదపురుగులు తమ గూట్లో పెంచుకునే ఫంగస్ అది. జాగ్రత్తగా తవ్వితే కాడ వేరులా సన్నబడుతూ చెదల గూటిదాకా పోతుంది. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ లాన్‌లో పళ్లెమంత వెడల్పున తెల్లగా విచ్చుకునేది అది కాదు. చాలాసార్లు అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకం.

దీన్ని దగ్గరగా చూడండి. తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, నడిమధ్య అదే రంగు మచ్చ. కాడ చుట్టూ ఒక వలయం, ముదిరాక వేలితో పైకీ కిందికీ జరపొచ్చు. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు తెల్లగానే ఉంటాయి, జనం మోసపోయేది అక్కడే. ముదిరాక ఆకుపచ్చ బూడిదరంగుకి తిరుగుతాయి. బాగా విచ్చుకున్నదాని కాడ కోసేసి, రేకులు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి స్పోర్ల (ఫంగస్ విత్తనాల్లాంటి రేణువుల) పొడి లేత ఆకుపచ్చ ముద్రలా పడితే ఇదేనని బలమైన ఆధారం. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలతో మనిషి కుదేలవుతాడు.

ముద్ర తెల్లగా వచ్చిందని సంబరపడొద్దు. అమానిటా రకాలకూ తెల్ల ముద్రే పడుతుంది. ప్రాణాలు తీసేవి వాటిలో ఉన్నాయి.

అపోహ: వండేటప్పుడు వెండి చెంచా నల్లబడకపోతే, వెల్లుల్లి రంగు మారకపోతే మంచివే.

వాస్తవం: వెండి నల్లబడేది గంధకం వల్ల. అమానిటాల్లోని విషాలైన అమాటాక్సిన్‌లకు దానితో సంబంధమే లేదు. పసుపు, చింతపండు వేసి ఎంతసేపు ఉడికించినా ఆ విషం పోదు.

అపోహ: పురుగులు కొరికాయంటే విషం లేనట్టే.

వాస్తవం: నత్తలు ప్రాణం తీసే అమానిటా రకమైన డెత్ క్యాప్‌ను కూడా తింటాయి. వాటి ఒంటికి పడింది మన లివర్‌కి పడదు.

అపోహ: ముట్టుకుంటే చాలు, విషం ఎక్కుతుంది.

వాస్తవం: ఎక్కదు. ఇవి కడుపులోకి వెళ్తేనే ప్రమాదం. పిల్లల్ని భయపెట్టి అవతలికి లాగకండి, పక్కన కూర్చుని చూపించండి. నోట్లో పెట్టుకోనివ్వకండి, తర్వాత చేతులు కడిగించండి. కబ్బన్ పార్క్‌లో చెట్ల మొదళ్లకు అరల్లా అంటుకుని ఉండే గానోడెర్మాను కూడా చూపించొచ్చు. దాన్ని పీకేస్తే చెట్టు బాగుపడుతుందని కొందరు అనుకుంటారు. అసలు ఫంగస్ చెక్క లోపల ఉంటుంది, బయట కనిపించేది దాని కాయలాంటి భాగమే.

అపోహ: యాప్ చెప్పింది కదా!

వాస్తవం: పైనుంచి తీసిన ఫొటోలో స్పోర్ల రంగు కనిపించదు. మట్టిలో కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉందేమో అదీ కనిపించదు. అమానిటాల్లో చాలావాటికి ఉండే గుర్తు అది. నాకు ఫొటో పంపేవాళ్లు పైనుంచి, కిందినుంచి, అడుగుతో సహా పెకిలించి తీయండి. అయినా ఫొటో చూసి తినమని మాత్రం నేను చెప్పను.

అపోహ: తిన్న రాత్రి ఏమీ కాలేదంటే గండం గడిచినట్టే.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. అమాటాక్సిన్ లక్షణాలు సాధారణంగా 6 గంటలు దాటాకే మొదలవుతాయి. వాంతులు తగ్గి, ఒకరోజు బాగైనట్టే అనిపిస్తుంది. ఆలోపు లివర్ లోపల్లోపల దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకండి. మిగిలిన పుట్టగొడుగును, వండేసి ఉంటే ఆ కూరనైనా తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. పచ్చివైతే కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో కుళ్లిపోతాయి. ఎన్ని గంటలకు తిన్నారో, ఇంట్లో ఇంకెవరు తిన్నారో డాక్టర్‌కి చెప్పండి.