చింతపండు, సున్నం, మధ్యలో ఒక ప్రోటాన్

చేపల పులుసులో చింతపండు పడగానే నీచు వాసన ఎందుకు అణుగుతుందని విజయవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. అమైన్‌లను పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. అమైన్ అంటే అమ్మోనియాలోని హైడ్రోజన్ల బదులు కార్బన్ సమూహాలు చేరిన నైట్రోజన్ సమ్మేళనం. ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ వర్గీకరణ ఇంటర్ పుస్తకంలో ఉంది. నాకు అందులో ఎప్పుడూ ఉత్సాహం కలగలేదు కనుక వదిలేస్తున్నాను.

సముద్రపు చేప చనిపోయాక దాని కండలోని ట్రైమిథైలమైన్ ఆక్సైడును బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. నీచు వాసన ఈ అమైన్‌దే. ఇది సుమారు 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఇక వంటింట్లో ముక్కుకు తగలకుండా ఎలా ఉంటుంది? ఈ అణువులోని నైట్రోజన్ మీద ఏ బంధంలోనూ చేరని ఎలక్ట్రాన్ల జంట ఒకటి ఉంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ప్రోటాన్ ఇస్తే ఆ జంట అందుకుంటుంది. దాంతో అణువుకు ధనావేశం వచ్చి లవణంగా మారుతుంది. లవణం ఆవిరి కాదు, పులుసులోనే ఉండిపోతుంది. అంటే నీచు పోలేదు, గాలిలోకి లేవలేకపోతోంది అంతే. (చెరువు చేపల మట్టి వాసన సంగతి వేరు. దానికి ప్రధాన కారణమైన జియోస్మిన్‌లో నైట్రోజనే లేదు.)

గుంటూరు ప్రాంతానికి బాగా తెలిసిన పొగాకులో ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. ఆకులో నికోటిన్ చాలావరకు సేంద్రియ ఆమ్లాలతో కలిసి లవణరూపంలో ఉంటుంది. సున్నం కలిపి నలిపితే ప్రోటాన్ ఊడిపోతుంది. ఆవేశం లేని నికోటిన్‌కు కొవ్వుతో కూడిన కణత్వచాలు అడ్డు కావు, నోటి లోపలి పొర గుండా త్వరగా రక్తంలో కలుస్తుంది. ఆ చిటికెడు సున్నం అలవాటును మరింత గట్టిగా బిగిస్తుంది.

మిథైల్ సమూహాలు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) నైట్రోజన్ వైపు ఎలక్ట్రాన్లను నెడతాయి కదా, మరి మూడున్న ట్రైమిథైలమైనే బలమైన క్షారం (ప్రోటాన్‌ను అందుకునేది) కావాలి. వాయుస్థితిలో అలాగే అవుతుంది. నీటిలో మాత్రం సంయుగ్మ ఆమ్లాల, అంటే ప్రోటాన్ అందుకున్న రూపాల, పీకేఏ విలువలు చూడండి (విలువ పెరిగితే క్షారం బలం పెరిగినట్టు): అమ్మోనియాకు 9.25, మిథైలమైన్‌కు 10.6, డైమిథైలమైన్‌కు 10.7, ట్రైమిథైలమైన్‌కు 9.8. ప్రోటాన్ పట్టుకున్న అయానును నీరు హైడ్రోజన్ బంధాలతో ఆదుకోవాలి. ట్రైమిథైల్ అయానులో అందుకు ఒక్క హైడ్రోజనే మిగులుతుంది. కోచింగ్ హాస్టళ్లలో పిల్లల చేత ఈ క్రమాన్ని వల్లె వేయిస్తారు, నీటి సంగతి ఒక్క ముక్క చెబితే ఆ శ్రమ తప్పుతుంది.

గుంటూరు మిరపలోని కాప్సైసిన్‌లో కూడా నైట్రోజన్ ఉంది. కానీ దాని పక్కనే కార్బొనిల్ (ఆక్సిజన్‌తో జంట బంధం ఉన్న కార్బన్) ఉండి ఎలక్ట్రాన్ల జంటను తనవైపు లాగేసుకుంటుంది. ఇది అమైడ్, క్షారం కాదు. అందుకే మిరపకాయ బజ్జీ మీద ఎంత నిమ్మరసం పిండినా కాప్సైసిన్ లవణంగా మారదు. మంట తగ్గాలంటే పాలు తాగండి.