శాసనాలు చదవడం: అపోహలు - వాస్తవాలు

పాత శాసనాలు చదవడానికి ఊళ్లు తిరుగుతుంటాను. వెళ్లిన ప్రతిచోటా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: రాతి మీద చెక్కారంటే నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: చెక్కించినవాళ్లు ఏం చెప్పాలనుకున్నారో రాయి అదే చెబుతుంది. రాజు ప్రశస్తి అంటే పొగడ్తే. అలాగని కొట్టిపారేయకూడదు. క్రీ.శ. 634 నాటి, కర్ణాటకలోని ఐహోళె శాసనంలో రవికీర్తి అనే కవి, తన చాళుక్య రాజు రెండో పులకేశి ఉత్తరాదిని ఏలిన హర్షుణ్ణి ఓడించాడని రాశాడు. సొంత రాజు గురించి అలా రాయక ఇంకెలా రాస్తాడు అనిపిస్తుంది. కానీ హర్షుడి ఆదరణ పొందిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ కూడా, హర్షుడు ఆ రాజును లొంగదీయలేకపోయాడనే రాశాడు. ఇలాంటి రెండో సాక్ష్యం దొరికేదాకా నేను నమ్మను, తోసిపుచ్చను.

అపోహ: తెలుగు పద్యం నన్నయతోనే పుట్టింది.

వాస్తవం: నన్నయది 11వ శతాబ్దం. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పే, చాళుక్య సేనాని పండరంగడి అద్దంకి శాసనంలోనే తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉంది. 10వ శతాబ్దంలో, కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనంలో తెలుగు కందాలున్నాయి. ఈయన కన్నడ కవి పంపడి తమ్ముడు.

మరి పద్యం సంగతి పక్కన పెట్టి, తెలుగు రాత కోసం ఇంకా వెనక్కి వెళ్తే? నాకు కష్టమనిపించేది ఇక్కడే. అమరావతి బౌద్ధ స్తూపం రాతి మీద దొరికిన 'నాగబు' అనే పదం తెలుగు మాటేనని పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చెప్పారు. అది నిజం కావాలని నా మనసు కోరుకుంటుంది. అందుకే ఆ కోరికను పక్కన పెట్టి చూడాలి. ఒక్క మాటను బట్టి అప్పట్లో అక్కడ తెలుగులో రాసేవారని తేల్చలేం. కడప జిల్లా కలమళ్ల శాసనం సంగతి వేరు. క్రీ.శ. 575 ప్రాంతం నాటి ఆ రాతి మీద, రేనాటి చోళరాజు ధనంజయుడు 'రేనాణ్డు ఏళన్', అంటే రేనాడు (కడప చుట్టుపక్కల సీమ) ఏలుతుండగా, అని తెలుగు వాక్యమే నడుస్తుంది.

అపోహ: పాత లిపి వస్తే చాలు, తప్పు రాదు.

వాస్తవం: నేను నమ్మింది ఇదే. పాత లిపిలో ప, వ, మ దాదాపు ఒకేలా ఉంటాయి. పైగా గుళ్లలో రాళ్లకు సున్నం కొట్టి ఉంటారు. ఒకసారి ఒక ఊరి పేరు 'మ'తో చదివాను. ఎందుకంటే ఆ పేరుగల ఊరు పక్కనే ఉంది. నాతో వచ్చిన కుర్రాడు "సార్, అది 'వ' కదా" అన్నాడు. కాదన్నాను. రాత్రి టార్చిలైటు పక్కవాటుగా వేసి చూస్తే అతను చెప్పిందే కరెక్టు. పొద్దున నేను చూసింది రాతిని కాదు, నాకు ముందే తెలిసిన ఊరిని.

అపోహ: శాసనం కింద నిధి ఉంటుంది.

వాస్తవం: ఉండదు. అందులో ఉండేవి ఎక్కువగా గుడికిచ్చిన భూమి, దీపం, చెరువు లెక్కలే. నిధి కోసం రాయి పగలగొడితే ఆ లెక్కలు కూడా పోతాయి. మీ ఊళ్లో అక్షరాలున్న రాయి కనిపిస్తే పసుపు, సుద్ద పూయకండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దునో సాయంత్రమో ఫొటో తీయండి.