ఇంటి బీరులో ఆల్కహాల్ ఎంత? హైడ్రోమీటరు ముందు నిలవని నమ్మకాలు

పాలకేంద్రంలో లాక్టోమీటరు ముంచగానే పాలలో నీళ్లు కలిశాయో లేదో బయటపడుతుంది. బీరు కాచేవాళ్ల హైడ్రోమీటరుదీ అదే సూత్రం. ద్రవంలో చక్కెర ఎంత ఎక్కువ ఉంటే గాజుగొట్టం అంత పైకి తేలుతుంది. ఈస్ట్ వేయకముందు చూసిన అంకె (గ్రావిటీ; నీళ్లకు ఇది 1.000) ఓజీ, పులియడం పూర్తిగా ఆగాక చూసినది ఎఫ్‌జీ. రెంటి తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వచ్చేస్తుంది. ఓజీ 1.050, ఎఫ్‌జీ 1.010 అయితే 0.040 × 131.25 = 5.25 శాతం. 1.050ని మాటల్లో 50 పాయింట్లు అంటారు. వేరే చెప్పకపోతే కింది లెక్కలు 20 లీటర్ల బ్యాచ్‌కి.

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే నేరం. అమెరికాలో కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం ప్రకారం సొంత వాడకానికి పన్ను లేకుండా ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. కాబట్టి ఇది అక్కడి మనవాళ్లకు పనికొచ్చే లెక్క.)

అపోహ: ఈస్ట్ రెండు ప్యాకెట్లు వేస్తే బీరు స్ట్రాంగ్ అవుతుంది.

ఈస్ట్ ఉన్న చక్కెరను తింటుంది, లేనిదాన్ని పుట్టించదు. 1.050 వోర్ట్‌లో (మొలకెత్తించి ఎండబెట్టిన గింజల, అంటే మాల్ట్, తీపి రసంలో) ఎంత ఈస్ట్ గుమ్మరించినా, 14 శాతం ఆల్కహాల్ తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నా, ఎఫ్‌జీ 1.000కి దిగిపోయినా, వచ్చేది ఆరున్నర శాతమే. ఈ గ్రావిటీకి 11.5 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. 1.065 దాటితే రెండోది వేయండి. అది శాతం పెంచడానికి కాదు, పని మధ్యలో ఆగకుండా ఉండడానికి.

తేడా తెచ్చేది ఈస్ట్ రకం. విండ్సర్ రకం మాల్టోట్రయోజ్ అనే చక్కెరను ముట్టదు, అందుకే 1.050 వోర్ట్ దాంతో తరచు 1.015 దగ్గరే ఆగి 4.6 శాతం ఇస్తుంది. యూఎస్-05 రకం అదే వోర్ట్‌ను 1.010 దాకా దింపుతుంది.

అపోహ: శాతం తగ్గితే పంచదార పోస్తే సరి.

లెక్కకు సరే. పంచదార కిలో ఒక లీటరుకు సుమారు 384 పాయింట్లు ఇస్తుంది. 20 లీటర్లలో అరకిలో అంటే 9.6 పాయింట్లు. అది పూర్తిగా పులిసిపోతుంది కనుక దాదాపు 1.25 శాతం పెరుగుతుంది. చిక్కంతా నోటికి తెలుస్తుంది. మాల్ట్ మిగిల్చే డెక్స్‌ట్రిన్లను (ఈస్ట్ తినలేని, బీరుకు చిక్కదనమిచ్చే పదార్థాలను) పంచదార మిగల్చదు, బీరు పలచబడి నీళ్లు నీళ్లుగా ఉంటుంది. బెల్జియం ట్రిపెల్ రకం బీరుకు ఆ తేలికదనమే అందం, పేల్ ఏల్ రకానికి మాత్రం లోపం. మొత్తం చక్కెరల్లో పదోవంతు దాటకపోవడం మేలు. బెల్లం వేస్తే ఈ లెక్క నమ్మకండి. దిమ్మదిమ్మకూ తేమ మారుతుంది, కరిగించి హైడ్రోమీటరుతోనే చూడాలి.

సీసాల్లో గ్యాసు కోసం వేసే 120 గ్రాముల పంచదార (ప్రైమింగ్) కూడా 0.3 శాతం కలుపుతుంది. లేబుల్ రాసేటప్పుడు దీన్ని చాలామంది మరిచిపోతారు.

అపోహ: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (వోర్ట్‌ను ఇగిర్చి చేసిన పొడి లేదా ముద్ద) వాడినా ఓజీ తక్కువొచ్చింది, కిట్ మంచిది కాదు.

కిట్‌ను తిట్టే ముందు గరిటె అందుకోండి. పొడి ఎక్స్‌ట్రాక్ట్ కిలో, లీటరుకు 367 పాయింట్ల చొప్పున దాదాపు కచ్చితంగా ఇస్తుంది. ముద్దగా ఉండేది సుమారు 300 ఇస్తుంది. డబ్బా మొత్తం గోకి వేసి, చివరి పరిమాణం సరిగ్గా ఉంటే ఓజీ తప్పే అవకాశం చాలా తక్కువ. తప్పేది కొలతే. 10 లీటర్లు మరిగించి మిగతా 10 లీటర్ల చన్నీళ్లు పైన పోసినప్పుడు చిక్కటి వోర్ట్ అడుగున, నీళ్లు పైన నిలుస్తాయి. పైనుంచి తీసిన నమూనా 1.030 చూపితే కంగారుపడి పంచదార పోసేవాళ్లున్నారు. అడుగంటా నాలుగైదు నిమిషాలు గట్టిగా కలిపాకే నమూనా తీయండి.

రెండో దొంగ వేడి. 20 డిగ్రీలకు గీసిన హైడ్రోమీటరు 40 డిగ్రీల వోర్ట్‌లో ఆరు పాయింట్లు తక్కువ చూపిస్తుంది: 1.044 కనిపిస్తే అసలు 1.050. మరీ వేడిగా ఉంటే సవరణ పట్టికలనూ నమ్మలేం. నమూనాను చల్లార్చి చూడండి.

అపోహ: వంటకం ప్రకారం గింజలు వేశాం, కాబట్టి అదే శాతం వస్తుంది.

గింజలతో కాచేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. 5 కిలోల పేల్ మాల్ట్‌లో ఉన్నది సుమారు 1500 పాయింట్లు. అందులో 75 శాతం రాబడితే 20 లీటర్లకు 1.056, 60 శాతమే వస్తే 1.045. ఒకే వంటకం, ఒకే ఈస్ట్, అయినా ఒకచోట 5.7, మరోచోట 4.6 శాతం. ఎక్కువసార్లు నేరం మిల్లుది: రోలర్ల సందు మరీ ఎక్కువైతే గింజ పగలకుండా జారిపోతుంది. మరీ పిండి చేస్తే పొట్టు చిరిగి, నీరు దిగక గడ్డకడుతుంది.

మ్యాష్ (నలిపిన గింజల్ని వేడినీళ్లలో నానబెట్టడం) ఉష్ణోగ్రత ఓజీని పెద్దగా కదపదు, ఎఫ్‌జీని కదుపుతుంది. 64–65 డిగ్రీల దగ్గర గింజల్లోని బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ బాగా పనిచేసి, పులిసే చక్కెర ఎక్కువ చేస్తుంది. 69 దాటితే అది త్వరగా చచ్చిపోతుంది, పులియని డెక్స్‌ట్రిన్లు మిగులుతాయి. స్ట్రాంగ్ కావాలంటే మ్యాష్ వేడి పెంచుదామనుకునేవాళ్లు లెక్క తిరగేసినట్టే.

ఓజీ తప్పితే ఈస్ట్ వేయకముందే సరిచేసుకోవచ్చు. పాయింట్లను లీటర్లతో గుణిస్తే వచ్చే మొత్తం నీళ్లు పోసినా, మరిగించినా మారదు. 22 లీటర్లు 1.042 ఉంది, 1.050 కావాలి: 42 × 22 = 924, దాన్ని 50తో భాగిస్తే 18.5. అంటే 18.5 లీటర్లకు మరిగించాలి. పరిమాణం తగ్గకూడదంటే 1100 కావాలి, తక్కువైనది 176, దానికి పొడి ఎక్స్‌ట్రాక్ట్ దాదాపు 480 గ్రాములు. ఎక్కువొస్తే ఇంకా సులువు: 18 లీటర్ల 1.050ని 1.045 చేయడానికి మరిగించి చల్లార్చిన నీళ్లు 2 లీటర్లు.

అపోహ: ఇంకో రెండు వారాలు ఉంచితే శాతం పెరుగుతుంది.

ఎఫ్‌జీ నిలిచిపోయాక నెల ఉంచినా ఆల్కహాల్ పెరగదు. నిలిచిందో లేదో చెప్పేది ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలే మూత గొట్టం) బుడగలు కాదు. మూత సందులోంచి గ్యాసు పోతే బుడగే రాదు, గది వేడెక్కితే పులియడం అయిపోయినా వస్తుంది. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఒకే అంకె వస్తేనే నిలిచినట్టు. అదీ అనుమానమైతే, ఈస్ట్ వేసే రోజే అరలీటరు వోర్ట్ వేరే సీసాలో తీసి, ఈస్ట్ దండిగా వేసి, 25 డిగ్రీల దగ్గర ఉంచి అప్పుడప్పుడూ ఊపండి. రెండు మూడు రోజుల్లో అది ఆగే అంకే పెద్ద బ్యాచ్ దిగగలిగే హద్దు. ఆ సీసా 1.010 చూపి, బ్యాచ్ 1.018 దగ్గర ఉంటే పని ఇంకా మిగిలే ఉంది: 20–21 డిగ్రీలకు వెచ్చబెట్టి, అడుగున పడ్డ ఈస్ట్‌ను మెల్లగా కదపండి.

అపోహ: నల్ల బీరు స్ట్రాంగ్. రంగు కాల్చిన గింజలది. గిన్నెస్ డ్రాఫ్ట్ 4.2 శాతమే.

అపోహ: రిఫ్రాక్టోమీటరు (వెలుగు ఎంత వంగిందో చూసి చక్కెర చెప్పే పరికరం) ఉంటే హైడ్రోమీటరు అక్కర్లేదు.

ఓజీ వరకు సరే, రెండు చుక్కలతో పనైపోతుంది. పులిశాక ఆల్కహాల్ కూడా వెలుగును వంచుతుంది కనుక, 1.050 నుంచి 1.010కి దిగిన బీరును అది 1.025 దగ్గర చూపిస్తుంది. సవరణ సూత్రం తెలియనివాళ్లు ఇంకా పులియలేదనుకుని మళ్లీ ఈస్ట్ వేస్తారు. దీనికి తిరగబడిన పొరపాటు ప్రమాదకరం: అయిపోయిందనుకుని ముందే సీసాలకెత్తడం. మిగిలిన ఒక్కో పాయింటు దాదాపు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగమంత) గ్యాసు చేస్తుంది. నాలుగు పాయింట్లు మిగిలి ఉండగా ప్రైమింగ్ పంచదార కూడా వేస్తే మామూలు సీసా తట్టుకోలేక పగలొచ్చు. అలాంటి సీసాలు ఇప్పటికే నింపి ఉంటే కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు వేసుకుని వాటిని ఫ్రిజ్‌లో పెట్టండి, బాగా చల్లబడ్డాక ఒక్కో మూత వదులు చేసి గ్యాసు పోనివ్వండి.